వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్‌లో కనపడని కోత పెట్టమంటున్నారు: ఏది రాయొచ్చు, ఏది రాయొద్దు?

హన్మకొండ_డెవ్

అన్నలూ, అక్కలూ, కొంచెం సలహా కావాలి. మాది హన్మకొండలో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. మా ప్యాకేజీ వేబ్రిడ్జిలకు (బండ్లను తూచే కాంటాలకు), జిన్నింగ్ మిల్లులకు పోతది. పత్తి సీజన్ కదా, ఒక మిల్లు నుంచి మార్పుల లిస్టు వచ్చింది. నాలుగున్నాయి.

1. ఎఫ్9 నొక్కితే తూకం అంకెను చేతితో కొట్టే వీలుండాలి. చిట్టీ మీద మాత్రం ఇండికేటర్ (కాంటా అంకెను చూపే డబ్బా) నుంచి వచ్చినట్టే పడాలి.

2. నికర బరువులో 1 శాతం లోపల్లోపలే తగ్గాలి. చిట్టీలో ఆ లైన్ ఉండొద్దు. ఎందుకంటే "తేమకు, చెత్తకు" అన్నారు.

3. ఖాళీ బండి బరువు ఒకసారి తీసి సేవ్ చేసుకుని, ఆ బండి ఎప్పుడొచ్చినా అదే వాడాలి. లైన్ తొందరగా కదులుతదట.

4. ఓనర్ లాగిన్‌లో అసలు తూకాల రిపోర్టు, మిగతా లాగిన్లలో మామూలు రిపోర్టు.

మా సార్ మాట: "బిజినెస్ వాళ్లది, కోడ్ మనది. ఈ వారంలో ఇచ్చెయ్." రెండోది, నాలుగోది తప్పని తెలుస్తనే ఉంది. ఒకటి, మూడు మాత్రం నిజంగానే అవసరం అనిపిస్తున్నాయి. గీత ఎక్కడ గీయాలి? వద్దని చెప్పాలంటే ఎట్లా చెప్పాలి? రేపు కేసయితే కోడ్ రాసినోడి మీదికి వస్తదా?

లోడ్‌సెల్

తమ్మీ, ముందు ఆ అంకె ఎక్కడ పుడుతుందో, ఎక్కడ చేతులు మారుతుందో చూడు. సగం ప్రశ్నలు అక్కడే తేలిపోతాయి.

ప్లాట్‌ఫాం కింద ఆరో ఎనిమిదో లోడ్‌సెల్స్ (బరువును కరెంటు సంకేతంగా మార్చేవి) ఉంటాయి. వాటి వైర్లు జంక్షన్ బాక్సుకు, అక్కడి నుంచి ఇండికేటర్‌కు పోతాయి. ఇండికేటర్‌లో క్యాలిబ్రేషన్ అయ్యాక తూనికలు, కొలతల శాఖ వాళ్లు సీలు వేస్తారు. ఏడాదికోసారి మళ్లీ పరీక్ష, మళ్లీ ముద్ర. సీలు అధికారం అక్కడితో సరి. ఇండికేటర్ వెనక ఆర్‌ఎస్-232 కేబుల్ దాటి పీసీలోకి అడుగుపెట్టాక ఆ అంకెకు కాపలా ఎవరూ లేరు, నువ్వు రాసే కోడ్ తప్ప. ఇప్పుడు మోసం చేయాలనుకున్నోడు లోడ్‌సెల్ జోలికి పోడు, సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఫోన్ చేస్తాడు.

ఎఫ్9 సంగతి. కేబుల్ ఎలుక కొరికిందనుకో, పిడుగుకు పోర్ట్ పోయిందనుకో. ఇండికేటర్ మీద అంకె కనపడుతూనే ఉంటుంది, పీసీలోకి రాదు. బయట బండ్లు లైన్ కట్టి ఉంటాయి. కాబట్టి చేతి నమోదు ఉండాల్సిందే, అందులో తప్పేమీ లేదు. అది ఎట్లా తెరుచుకోవాలన్నదే అసలు పని. ఆపరేటర్ లాగిన్ ఒక్కదానితో తెరుచుకోవద్దు, రెండో మనిషి పాస్‌వర్డ్ కూడా పడాలి. కారణం లిస్టులోంచి ఎంచుకోవాలి. ఇండికేటర్ డిస్‌ప్లే ఫొటో ఆ నమోదుకు జతపడాలి. చిట్టీ మీద బరువు ఎంత సైజులో ఉందో "చేతితో నమోదు" అన్న మాటా అంతే సైజులో పడాలి. కింద మూలన చీమల్లాంటి అక్షరాల్లో వేస్తే వేయనట్టే. అన్నిటికంటే ముఖ్యం: పోర్ట్ నుంచి మంచి డేటా వస్తున్నంతసేపు ఆ స్క్రీన్ తెరుచుకోనే వద్దు. గత 30 సెకన్లలో ఒక్క సరైన ఫ్రేమ్ (ఇండికేటర్ ఒకసారి పంపే డేటా వరుస) వచ్చినా మూసే ఉండాలి. మిల్లుకు కావలసింది బ్రేక్‌డౌన్ ఏర్పాటే అయితే ఈ షరతుకు నవ్వుకుంటూ ఒప్పుకుంటారు. ముఖం మారిందంటే ఎఫ్9 ఎందుకు అడిగారో నీకు తెలిసిపోయినట్టే.

ఇంకో సంగతి. చాలాచోట్ల చేతి నమోదు అడగడానికి మూలం మన కోడే. ఇండికేటర్ ఆగకుండా ఫ్రేములు పంపుతూనే ఉంటుంది. మొదట ఎస్‌టీఎక్స్ (మొదలైందని తెలిపే బైట్), తర్వాత ప్లస్ మైనస్ గుర్తు, బరువు అంకెలు, స్థితి తెలిపే బైట్, చివర క్యారేజ్ రిటర్న్ (ముగిసిందని తెలిపే బైట్). మధ్యలో వరుస కంపెనీని బట్టి మారుతుంది, మాన్యువల్ చూసుకోవాలి. తొందరలో రాసిన కోడ్ బఫర్‌లో ఏది దొరికితే అది చదివేస్తుంది. ఫ్రేము మధ్యలో మొదలుపెడితే 14,580 కాస్తా 4,580 అవుతుంది. ఆపరేటర్‌కు రెండుసార్లు అట్లా వచ్చిందంటే "నాకు టైప్ చేసే బటన్ ఇయ్యండి" అంటాడు, న్యాయమే కదా. ఎస్‌టీఎక్స్ నుంచి క్యారేజ్ రిటర్న్ దాకా పూర్తి ఫ్రేము పట్టుకో, పొడవు సరిచూడు, స్థిరంగా ఉందన్న బిట్ చూడు, వరుసగా ఐదు ఫ్రేముల్లో ఒకే అంకె వస్తేనే తీసుకో.

బాడ్ రేట్ (డేటా వచ్చే వేగం) తప్పితే మొత్తం చెత్త అక్షరాలే వస్తాయి, వెంటనే తెలిసిపోతుంది. పారిటీ (తప్పు పట్టడానికి కలిపే బిట్) సెట్టింగ్ తప్పితేనే తలనొప్పి. 0, 3, 5, 6, 9 సరిగ్గా వచ్చి 1, 2, 4, 7, 8 పాడవుతున్నాయంటే, 7 బిట్లు ఈవెన్ పారిటీతో వస్తున్నదాన్ని నువ్వు 8 బిట్లుగా చదువుతున్నావని అర్థం. సెట్టింగ్ మారిస్తే పోతుంది, దానికి ఎఫ్9 అక్కర్లేదు.

మూడోది, ఖాళీ బరువు సేవ్ చేయడం. పైకి అమాయకంగా కనపడుతుంది కానీ నాలుగింటిలో దీన్నే ఎక్కువ అనుమానించాలి. వంద లీటర్ల డీజిల్ దాదాపు 83 కిలోలు. ట్యాంకు నిండా ఉన్నప్పుడు ఖాళీ బరువు సేవ్ చేసి, ట్యాంకు అడుగంటినప్పుడు అదే వాడితే నికర బరువులో 83 కిలోలు గాయబ్. 2025-26 సీజన్‌లో పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాల్‌కు 8,110 రూపాయలు, ఆ లెక్కన 6,700 పైమాటే. తడిసిన టార్పాలిన్, ట్రాలీకి పట్టిన నల్లరేగడి బురద, అప్పుడు క్యాబిన్‌లో కూర్చున్న క్లీనర్, ఇవన్నీ వేరే. ఉల్టా జరిగితే మిల్లే మునుగుతుంది, ఆ మాట కూడా వాళ్లకు చెప్పు. రైతు తెచ్చిన బండికి నిండుదీ ఖాళీదీ రెండు తూకాలూ అదే రోజు పడాలి. సేవ్ చేసిన బరువు మిల్లు సొంత బండ్ల లోపలి తిరుగుళ్లకు మాత్రమే, అదీ 24 గంటల గడువుతో, చిట్టీ మీద ఆ పాత తూకం తేదీ సహా.

జీరో కూడా మర్చిపోవద్దు. బండి ఎక్కే ముందు ప్లాట్‌ఫాం జీరోకు వచ్చిందా లేదా అన్న రీడింగ్‌ను ప్రతి తూకంతోపాటు రాసిపెట్టు. రాకపోతే తూకమే మొదలవ్వొద్దు.

ఎదురుమాట

అందరూ మంచిగనే చెప్తరు. మార్కెట్ల నిలబడి చూస్తే వేరే ఉంటది. తరుగు నిన్న మొన్న పుట్టింది కాదు. సంచి బరువని, తేమని, తాలని ఎప్పటిసంది తీస్తనే ఉన్నరు, రైతుకు ఎరికే. వడ్ల సెంటర్లల్ల 40 కిలోల బస్తాకు పైనింత ఎక్కువ జోకుతున్నరని ఏటా రోడ్ల మీద ధర్నాలైతయ్. ఆ కాంటాలకు సాఫ్ట్‌వేర్ ఎవడు రాసిండు? మనిషి చేసుడు వేరే, కోడ్ చేసుడు వేరేనా?

నువ్వు రాయకుంటే పక్క షట్టర్ల కూసున్నోడు రాస్తడు, తక్కువ పైసలకే రాస్తడు. ఒక క్లయింటు పోతే నాలుగు మిల్లులకు మాట పోతది. హైదరాబాద్‌లెక్క ఈ గేటు కాకుంటే ఇంకో గేటు అనుకునేటంత పని ఇక్కడ లేదు. మడికొండ ఐటీ పార్కుల ఎన్ని కంపెనీలున్నయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈ పిల్లగానికి గది కిరాయి మీరు కడ్తరా?

పాత_డీబీఏ

@ఎదురుమాట గారు, కిరాయి మాట న్యాయమే, దాని గురించి తర్వాత ఎవరైనా చెబుతారు. తరుగు మాట మాత్రం ఒప్పుకోను. రైతుకు తెలుసంటున్నారు. తెలిసినదాన్ని చిట్టీ మీద వేయడానికి అడ్డేమిటి? లైన్ ఉండొద్దని ప్రత్యేకంగా అడిగారంటేనే ఆయనకు తెలియకూడదని కదా.

లెక్క చూడండి. నిండు బరువు 4,120, ఖాళీ 2,620, నికరం 1,500 కిలోలు. 1 శాతం అంటే 15 కిలోలు, మద్దతు ధర ప్రకారం 1,216 రూపాయల 50 పైసలు. రోజుకు 60 బండ్లు అట్లాంటివే వస్తే 72,990. బస్తా మీద ఒక మనిషి ఎక్కువ జోకితే పక్కనున్నోళ్లు చూస్తారు, గొడవ పడతారు, దడ్వాయిని (తూచే మనిషిని) నిలదీస్తారు. నికరాన్ని గుణించడానికి కోడ్‌లో పెట్టిన 0.99తో ఎవరు గొడవ పడతారు? అది అలసిపోదు, ఎవరినీ వదిలిపెట్టదు. మనిషి చేసేదానికీ కోడ్ చేసేదానికీ తేడా అది.

ఇక తేమ. సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనుగోళ్లలో 8 శాతం తేమ దాకా పూర్తి ధర, అక్కడి నుంచి 12 శాతం దాకా ఒక్కో శాతానికి ధరలో 1 శాతం కోత. 8,110 ఉన్నది 9 శాతానికి 8,028.90, 10 శాతానికి 7,947.80 అవుతుంది. గమనించారా, కోత పడేది ధరలో, తూకంలో కాదు. తూకంలో 1 శాతం తేమ పేరుతో మింగి, మళ్లీ ధరలో తేమ కోత వేస్తే ఒకే తేమకు రెండుసార్లు కట్టించుకున్నట్టు. ప్రైవేటు కొనుగోలులో రైతు, మిల్లు మాట్లాడుకుని బరువులోనే తీసుకుంటామంటే అది వాళ్ల బేరం, కానీ దానికంటూ ఒక లైన్ ఉండాలి.

టేబుళ్లు ఇట్లా పెట్టుకో. తూకాల టేబుల్ ఒకటి: ఇండికేటర్ పంపిన ఫ్రేము ఉన్నదున్నట్టు, బరువు, టైము, ఇండికేటర్ సీరియల్ నంబరు, ఆపరేటర్, ముందటి జీరో రీడింగ్. ఇందులోకి వరుస రావడమే తప్ప మారడం, పోవడం ఉండదు. కోతల టేబుల్ వేరే: టికెట్ నంబరు, కోత రకం, శాతమా కిలోలా, ఎవరు వేశారు. నికర బరువును ఎక్కడా నిల్వ చేయకు, రెండింటి నుంచి ఎప్పటికప్పుడు లెక్కకట్టు. రద్దయిన టికెట్ రద్దు ముద్రతో అక్కడే ఉండాలి, నంబర్ల మధ్య ఖాళీ రావొద్దు.

అప్లికేషన్ వాడే డేటాబేస్ యూజర్‌కు తూకాల టేబుల్ మీద ఇన్సర్ట్ (చేర్చడం), సెలెక్ట్ (చదవడం) చాలు. అప్‌డేట్, డిలీట్ తీసెయ్. చాలాచోట్ల ప్యాకేజీ ఏకంగా ఎస్‌ఏ (డేటాబేస్ మీద అన్ని అధికారాలూ ఉన్న) లాగిన్‌తో నడుస్తుంటుంది, పాస్‌వర్డ్ కాన్ఫిగ్ ఫైల్లో నోట్‌ప్యాడ్‌తో తెరిస్తే కనపడుతుంది. అట్లా ఉంటే పైదంతా వృథా.

ప్రతి వరుసకూ ముందు వరుస హ్యాష్‌ను (డేటా నుంచి లెక్కకట్టే వేలిముద్రలాంటి కోడ్‌ను) కలిపి షా-256 పద్ధతిలో కొత్త హ్యాష్ తీసి పెట్టమని చాలామంది చెబుతారు. పెట్టు, మంచిదే. కానీ డేటాబేస్ మొత్తం చేతిలో ఉన్నవాడు మధ్యలో ఒక వరుస మార్చి, అక్కడి నుంచి చివరిదాకా హ్యాష్‌లన్నీ మళ్లీ తీస్తే గొలుసు చక్కగానే కనపడుతుంది. సాక్ష్యం బయట ఉంటేనే దానికి విలువ. ఆ హ్యాష్‌లో మొదటి 8 అక్షరాలు రైతు చిట్టీ మీద అచ్చువెయ్. సాయంత్రం మూసేటప్పుడు చివరి హ్యాష్‌ను మిల్లు ఆడిటర్‌కు మెయిల్ పంపించు. అప్పుడు జేబుల్లో ఉన్న చిట్టీలు అబద్ధం ఆడనివ్వవు.

నాలుగోదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. ఓనర్‌కు ఎక్కువ చూపించొచ్చు: ధరలు, మార్జిన్, ఏ అడ్తిదారు ఎంత తెచ్చాడో. తూకం అంకె మాత్రం ఏ లాగిన్‌లో చూసినా ఒక్కటే ఉండాలి. వేరేగా ఉన్నదంటే అవి రెండు పద్దులు.

కోర్టురోడ్డు

రెండు పద్దుల మాట వచ్చింది కాబట్టి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడ్డాక సీబీఐ తేల్చినదాంట్లో ఇదొకటి: ఇన్వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో 7,561 నకిలీ ఇన్వాయిస్‌లు. వాటికి "ఎస్" అన్న గుర్తు ఉండేది. సూపర్ యూజర్ లాగిన్‌తో చూస్తేనే కనపడేవి, మామూలు లాగిన్లలో దాగిపోయేవి. మీ నాలుగో కోరికకు దీనికీ పోలిక చూసుకోండి. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు దోషులని తేల్చిన పదిమందిలో యాజమాన్యమే కాదు, ఫైనాన్స్ విభాగం ఉద్యోగులూ ఉన్నారు.

"చెప్పింది రాశాను" అన్నది ఎంతవరకు పనికొస్తుందో ఫోక్స్‌వ్యాగన్ కేసు చూడండి. డీజిల్ కారు పరీక్షలో ఉందని సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టి, అప్పుడు మాత్రమే పొగను అదుపులో పెట్టేది. 2015 సెప్టెంబరులో బయటపడింది. 2017 ఆగస్టులో అమెరికా కోర్టు జేమ్స్ లియాంగ్ అనే ఇంజినీర్‌కు 40 నెలల జైలు, 2 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఆయన కంపెనీ యజమాని కాదు, పెద్ద బాస్ కూడా కాదు.

మన చట్టాలకొస్తే: లీగల్ మెట్రాలజీ చట్టం 2009లో సెక్షన్ 26, మోసపోతారని తెలిసీ తూనికనూ కొలతనూ పెంచినా తగ్గించినా వర్తిస్తుంది. పీసీలో మార్చిన అంకె దాని కిందికి వస్తుందా, ఇండికేటర్ వరకేనా అని లాయర్లు వాదించుకోవచ్చు. భారతీయ న్యాయ సంహిత 318, అంటే మోసం, దానికి ఆ సందేహం లేదు. మోసానికని తెలిసి పరికరం తయారుచేసి ఇస్తే సాయపడినట్టే. తెలిసిందనడానికి రుజువు మీకు వచ్చిన మార్పుల లిస్టే, "చిట్టీలో ఆ లైన్ ఉండొద్దు" అన్న వాక్యమే. ఇలాంటి చర్చల్లో ఐటీ చట్టం సెక్షన్ 65ను ఎవరో ఒకరు పట్టుకొస్తారు. అది చట్టప్రకారం భద్రపరచాల్సిన సోర్స్ కోడ్‌ను దాచడం, చెరపడం గురించి. ఇక్కడికి అతకదు.

మిల్లు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయి, కొనుగోలు బిల్లులు కూడా మీ ప్యాకేజీలోనే తయారవుతుంటే ఇంకొకటి ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదు కావాలి, ఆ నమోదును ఆపే వీలు ఉండకూడదు. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ అయితే ఈ నిబంధన లేదు.

డాక్టర్‌కు, లాయర్‌కు, చార్టర్డ్ అకౌంటెంట్‌కు రిజిస్టర్ ఉంది, తప్పు చేస్తే పేరు కొట్టేస్తారు. ప్రోగ్రామర్‌కు అట్లాంటిదేమీ లేదు. ఏసీఎం (కంప్యూటర్ నిపుణుల అంతర్జాతీయ సంఘం) 2018లో సవరించిన నియమావళి ఉంది, అది సభ్యుల వరకే. అయినా అందులో 1.2 చదవదగ్గది. హాని జరిగే గుర్తులు కనపడితే ముందు పైవాళ్లకు చెప్పాలి, వాళ్లు పట్టించుకోకపోతే బయటికి చెప్పాల్సి రావొచ్చు, కానీ సరిగ్గా తూచుకోకుండా చెబితే ఆ ఫిర్యాదే హాని అవుతుంది అంటుంది. వరుస ముఖ్యం. రేపే ఇన్‌స్పెక్టర్ దగ్గరికి పరుగెత్తమని నేను చెప్పను. ఇంకా ఏ కోడూ రాయలేదు, ఏ రైతూ ఒక్క కిలో పోగొట్టుకోలేదు.

హన్మకొండ_డెవ్

చాలా థ్యాంక్స్ అందరికీ. ఒకటి, మూడు ఎట్లా చేయాలో అర్థమైంది. రెండు మిగిలాయి. సార్‌కు ఎట్లా చెప్పాలె? నోటితో అంటే "నువ్వు ఎక్కువ ఆలోచిస్తున్నవ్" అంటారు. ఇంకోటి, మాకు అన్ని మిల్లుల పీసీల్లోకి ఎనీడెస్క్ (దూరం నుంచి పీసీ నడిపే ప్రోగ్రామ్) ఉంది, పాస్‌వర్డ్ ఒక్కటే, ఆఫీసుల అందరికీ తెలుసు. చిట్టీ తప్పు పడితే మేమే లోపలికి పోయి డేటాబేస్‌లో దిద్దేస్తం. ఇది కూడా ఆపాలా?

ఓరుగల్లు_క్యూఏ

ఎనీడెస్క్ సంగతే ముందు చెప్తాను, నాకు మిల్లు కోరికల కంటే అదే భయంగా ఉంది. బ్రిటన్ పోస్టాఫీసుల హొరైజన్ సాఫ్ట్‌వేర్ గురించి చదువు. లెక్కల్లో డబ్బు తగ్గిందని 1999 నుంచి ఏళ్ల తరబడి పోస్టుమాస్టర్ల మీద కేసులు పెట్టారు, 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. తయారుచేసిన కంపెనీ వాళ్లు బ్రాంచి లెక్కల్లోకి దూరం నుంచి వెళ్లి మార్చగలరన్న సంగతిని పోస్టాఫీసు చాలాకాలం ఒప్పుకోలేదు. 2019 డిసెంబరులో అక్కడి హైకోర్టు తీర్పులో అది తేలింది. 2024లో చట్టం చేసి మరీ ఆ శిక్షలు కొట్టేయాల్సి వచ్చింది. రేపు మీ మిల్లులో తూకం తేడా వస్తే ఆపరేటర్ మీద పడతారు. ఆ రాత్రి మీ ఆఫీసు నుంచి ఎవరు లోపలికి వెళ్లారో చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

కాబట్టి: ఒక్కొక్కరికి ఒక్కో లాగిన్. మిల్లు వైపు మనిషి ఒప్పుకుని నొక్కితేనే కనెక్షన్, ఎవరూ లేనప్పుడు తెరుచుకునే పాస్‌వర్డ్ తీసెయ్యండి. చిట్టీ దిద్దడమంటే పాత వరుస ముట్టుకోకుండా దాన్ని రద్దు చేసి, కొత్త టికెట్ వేసి, రెండింటి మీదా ఒకదాని నంబరు ఇంకోదానికి రాయడం. ఇదంతా అప్లికేషన్ స్క్రీన్ నుంచే జరగాలి. డేటాబేస్‌లోకి నేరుగా వెళ్లే అవసరం పడిందంటే అది మీ స్క్రీన్‌లో లోటు, ఆ స్క్రీన్ రాయండి.

సార్‌కు మెయిల్ పెట్టు. వాట్సాప్ వద్దు, అది డిలీట్ అవుతుంది. నీతి అన్న మాట ఎక్కడా రానీయకు. ఇట్లా ఉంటే చాలు:

"సార్, మిల్లు అడిగిన నాలుగు మార్పుల మీద నా వివరణ. ఒకటి: చేతి నమోదు చేయగలం, రెండు పాస్‌వర్డ్‌లతో, చిట్టీ మీద గుర్తుతో. రెండు: కోత చేయగలం, ఎంత శాతమైనా మిల్లు పెట్టుకోవచ్చు, చిట్టీలో వేరే లైన్‌గా పడుతుంది. లైన్ లేకుండా చేస్తే కొన్నవాళ్లతోపాటు మన సంస్థ మీదా మోసం కేసు అవుతుంది, కాబట్టి అది నేను రాయలేను. మూడు: ఖాళీ బరువు నిల్వ మిల్లు సొంత బండ్లకు, 24 గంటల గడువుతో చేయగలం. నాలుగు: ఓనర్ రిపోర్టులో ధరలు, మార్జిన్ కలపగలం, తూకాలు అన్ని రిపోర్టుల్లో ఒకేలా ఉంటాయి. ఈ పద్ధతిలో పని ఈ వారంలోనే ఇవ్వగలను."

చూశావా, నాలుగింటికీ "చేయగలం" ఉంది. కాదన్నది ఒక్క వాక్యం. సార్ ఇదే మిల్లుకు పంపొచ్చు, ఆయన పరువూ నిలుస్తుంది. నూటికి నూరు పని చేస్తుందని అనను. మౌఖికంగా "పాతదే చెయ్" అంటే, ఆ మాట రాసి పంపమని మర్యాదగా అడుగు. రాతలో పెట్టడానికి చాలామంది వెనకాడతారు, అక్కడే సగం ఆగుతాయి.

ఇంకో రెండు జాగ్రత్తలు. సాక్ష్యం కదా అని మిల్లు డేటాబేస్‌ను, మీ ఆఫీసు సోర్స్ కోడ్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోకు. అనుమతి లేకుండా కాపీ చేయడమే ఐటీ చట్టం సెక్షన్ 43 కింద తప్పు, నిన్నే దొంగను చేస్తారు. నీకు వచ్చిన మెయిళ్లు, నువ్వు పంపిన మెయిళ్లు ఉంటే చాలు. రెండోది, కోడ్‌లో చాటుగా ఏదో పెట్టి మిల్లును పట్టిస్తాననుకోకు. చాటు పని ఎవరు చేసినా చాటు పనే, రివ్యూలో దొరికేదీ నువ్వే.

ఒక టెస్ట్ రాసి బిల్డ్‌లో (కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారయ్యే దశలో) పెట్టు: ప్రతి చిట్టీలో అచ్చయిన నిండు బరువు, ఖాళీ బరువు, కోతలు తీసుకుని కూడితే తీసివేస్తే అచ్చయిన నికరం రావాలి. రాకపోతే బిల్డ్ ఫెయిల్. నీ తర్వాత వచ్చినవాళ్లు 0.99 పెట్టినా ఇది పట్టుకుంటుంది. సవరింపు కూడా చూడు. 1,480 కిలోలకు 1 శాతం కోత 14.8, నికరం 1,465.2. దాన్ని ఎప్పుడూ కిందికే 10 కిలోలకు దించి 1,460 చేసే కోడ్ చాలా ప్యాకేజీల్లో ఉంది, ఎవరూ కావాలని పెట్టింది కాదు. బండికి 5.2 కిలోలు, దాదాపు 422 రూపాయలు పోతాయి. ఇండికేటర్ ఎట్లాగూ తన అంకెను సవరించే పంపుతుంది, మళ్లీ మీరు సవరించకండి. కిలోల్లోనే ఉంచండి.

ఎదురుమాట

మెయిల్ మంచిగుంది, ఒప్పుకుంటున్న. మిల్లోడు "లైన్ పెడితే రైతు గొడవ చేస్తడు, వేరేటోళ్ల దగ్గరికి పోతం" అంటే?

లోడ్‌సెల్

పోనీ అన్నా. పోయేముందు ఒక మాట చెప్పి పంపాలి. చిట్టీలో అన్ని లైన్లు, హ్యాష్, బండి ఫొటో ఉన్న మిల్లుకు తూకం గొడవలు తగ్గుతాయి. బయట వేబ్రిడ్జిలో జోకించుకుని వచ్చిన రైతు తేడా అడిగితే చూపించడానికి కాగితం ఉంటుంది. 60 టన్నుల కాంటా అంకె 10 కిలోలకోసారి కదులుతుంది, కాబట్టి రెండు కాంటాల మధ్య 10, 20 కిలోల తేడా మామూలే. దాన్ని కూడా మోసమనే అంటారు, చిట్టీ పారదర్శకంగా లేకపోతే. మిల్లోళ్లకు ఈ మాట ఎక్కుతుంది, నీతి కంటే ముందు ఎక్కుతుంది.

ఇంకా పోతామంటే, తమ్మీ, మీ ప్యాకేజీ లైసెన్స్ ఆ పీసీలో ఉన్నంతకాలం మీ పేరే చిట్టీ కింద అచ్చవుతుంది. వేరేవాళ్లు మార్చిన ఈఎక్స్‌ఈ (ప్రోగ్రామ్ ఫైలు) మీ పేరుతో నడవకుండా దాన్ని డిజిటల్‌గా సంతకం చేయండి, వెర్షన్ నంబరు చిట్టీ మీద పడేట్టు పెట్టండి. సపోర్ట్ ముగిసిన తేదీని ఉత్తరం రాసి మిల్లుకు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

హన్మకొండ_డెవ్

మెయిల్ పంపిన. ఎనీడెస్క్ పాస్‌వర్డ్ మార్పు కూడా అందులోనే కలిపిన. ఇండికేటర్ ఫ్రేములో స్థితి బైట్ ఒకటే ఉంది, స్థిరం, ఓవర్‌లోడ్ రెండూ అందులోనే అని మాన్యువల్ చెప్తుంది. బిట్ల వారీగా తీయాలా, అక్షరంగా పోల్చాలా?

లోడ్‌సెల్

బిట్లుగా తియ్. అక్షరంగా పోల్చితే రెండు స్థితులు ఒకేసారి వచ్చినప్పుడు నీ లిస్టులో లేని అక్షరం వస్తుంది, కోడ్ దాన్ని మంచి ఫ్రేమే అనుకుంటుంది. తెలియని బిట్ ఏది వెలిగినా ఆ ఫ్రేము పారెయ్, లాగ్‌లో రాయి.